విశాఖ ముద్ర పడిన నాలుగు కార్డులు

మా తమ్ముడు యుద్ధానికి పోలేదని పుంగనూరులో తీర్మానం చేసినారు. చేసి, కుప్పంలో చెక్కుతా ఉన్న బండ మీద వాని పేరు తుడిపించినారు. వాడు పొయినాడు. డెబ్భై ఒకటో సంవత్సరం యుద్ధంలో నెల దాటి సముద్రం అడుగున ఉండి వచ్చినాడు. తీర్మానం చేసిన నలుగురిలో ముగ్గురు ఇప్పుడు లేరు. లేనివాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాకు ఆ మర్యాద చేతకాలేదు.

నేను బడికి పొయింది అయిదో తరగతి దాకానే. తక్కిన చదువంతా పాత పుస్తకాల అంగళ్ళలో, డిక్షనరీ పక్కన పెట్టుకోని సంపాదించింది. పుంగనూరులో బస్టాండు వెనక నాకు ఆయిలింజన్ల షెడ్డు ఉండేది. ఆ కాలంలో కరెంటు మోటార్లు తక్కువ. చౌడేపల్లె, గంగవరం పక్క రైతులందరికీ బావి మీద ఆయిలింజనే దిక్కు. నీళ్ళు అడుక్కి పోయేకొద్దీ ఇంజను పైనుంచి నీళ్ళు పీకలేదు. బావి లోపల గోడకు గట్టు తొవ్వి, ఇంజన్ని మోకులతో ఆ గట్టు మీదికి దించేవాళ్ళం. దించేటప్పుడు ఒకటే నియమం. పొగగొట్టం బావి పైదాకా రావాల. రాకపోతే పొగ బావిలోనే కూర్చుంటాది, నీళ్ళు చూడబోయి దిగినోడు మళ్ళీ ఎక్కడు. చౌడేపల్లె పక్క ఒక బావిలో అట్లే ఇద్దరు పొయినారు. వాళ్ళను పైకి తీసినప్పుడు మా తమ్మునికి పదహారేండ్లు. ఆ పొద్దంతా వాడు అన్నం ముట్టలేదు. అప్పట్నుంచి, గొట్టం కొనడానికి వెనకాడే రైతు ఎంత పెద్దోడయినా సరే, ఇంజను దించేది లేదని వాడే మొదట చెప్పేవాడు.

అట్లాంటోడు పోయి పోయి, ఇంజన్ని సముద్రంలోకి దించే పడవలో ఉద్యోగం చేసినాడు.

నేవీలో చేరినాడని తెలిసినప్పుడు మా అమ్మ ఓడ అనుకునింది. నేనూ అదే అనుకున్నా. కుప్పం స్టేషన్లో రైలెక్కించి వచ్చినాం. పుంగనూరుకు రైలు లేదు, మా మనిషి యాడికి పోయినా కుప్పం దాకా బస్సులో పోవాల్సిందే. మూడు నాలుగేండ్లు గడిచినాక ఒకసారి సెలవు మీద వచ్చి, షెడ్డులో నేల మీద సుద్దముక్కతో ఒక బొమ్మ గీసినాడు. చుట్ట మాదిరి పొడుగ్గా, రెండు కొసలూ సన్నగా. దానిలోపల ఇంకో చుట్ట.

"బిందెలో చెంబు పెట్టినట్టన్నా" అన్నాడు. "చెంబులో మేముంటాం. బిందెకూ చెంబుకూ మధ్య జాగా ఉండాది చూడు, దాంట్లోకి నీళ్ళు వదిలితే మునుగుతాం. గాలి కొట్టి ఆ నీళ్ళు వెళ్ళగొడితే తేలుతాం."

ఆ రకం పడవలు రష్యా వాళ్ళు తయారుచేసినవి. పోయిన పెద్ద యుద్ధంలో జర్మనీ వాళ్ళ పడవలు చూసి నేర్చుకున్నదానికి తమ బుద్ధి కలిపి కట్టినారు. పడమటి దేశాలవాళ్ళు వీటికి ఫాక్స్‌ట్రాట్ అని ఏదో డాన్సు పేరు పెట్టినారని తర్వాత ఒక పుస్తకంలో చదివినా. మన దేశం మొదట తెచ్చుకున్నవి నాలుగు. మా వాళ్ళను ముందే రష్యాకు పంపించి, ఆ భాష నేర్పించి, మంచులో పని నేర్పించినారు. మూడు వందల అడుగుల పడవ. మూడు డీజిలింజన్లు, వెనక మూడు రెక్కలు. బాంబులు వదిలే గొట్టాలు ముందర ఆరు, వెనక నాలుగు. డెబ్భై అయిదు మంది మనుషులు. ఇంత చెప్పి, తమ్ముడు సుద్దముక్క నా చేతికిచ్చి అడిగినాడు, "ఇప్పుడు చెప్పు, పొగగొట్టం యాడ పెడతావు?"

నేను ఆలోచించినా. సముద్రం అడుగున గొట్టం పెట్టేదానికి జాగా లేదు. అదే వాడు చెప్పాలనుకున్నది. డీజిలు గాలి తాగి బతికేది. గాలి ఉన్నంతవరకే దాని పని. అందుకే ఆ పడవ అప్పుడప్పుడు పైకి వచ్చో, నీళ్ళ మీదికి ఒక గొట్టం మాత్రం పెట్టో, ఇంజన్లు తిప్పి బ్యాటరీలు నింపుకోవాల. ఆ బ్యాటరీలు పడవ కడుపు నిండా ఉంటాయి. మునిగినాక ఇంజన్లు ఆపేసి, బ్యాటరీల మీద మోటార్లు తిప్పుకుంటా, నడిచే మనిషికంటే నెమ్మదిగా పోవాల. బ్యాటరీ అయిపొయిందా, పైన ఎవరు కాచుకోని ఉన్నా సరే ఎక్కాల్సిందే. ఎంత బుద్ధిగా కట్టినారు అని నేను మెచ్చుకుంటే, వాడు నవ్వి, చలిదేశం వాళ్ళు చలిసముద్రానికి కట్టింది అన్నాడు. మన సముద్రంలో దిగితే లోపల ఇటికెల బట్టీ. మంచినీళ్ళు తాగడానికే. స్నానం లేదు. మంచాలు మనుషులకంటే తక్కువ. ఒకడు లేచి డ్యూటీకి పోతే, ఆ వెచ్చదనం మీదనే ఇంకొకడు పండుకుంటాడు. బాంబుల పక్కన పడక.

సెలవుకు వచ్చిన మొదటి దినం మా అమ్మ వానికి సీకాయతో రెండుసార్లు తల రుద్దింది. డీజిలు వాసన పోలేదు. "వీడు షెడ్డు వదిలి పోలేదు గదా, షెడ్డునే తీసుకోని పొయినాడు" అనింది. వాడు ఇంత పెద్ద ఇంట్లో కూడా కాళ్ళు ముడుచుకోని, గోడకు ఆనుకోని, సన్నగా పండుకునేవాడు. చెవులు అప్పటికే మందం. మూడు ఇంజన్ల మధ్య నిలబడి పని చేసే మనిషికి ఇంకెట్లుంటాయి.

యుద్ధం వచ్చింది.

మా అమ్మకు చదువు రాదు. వాని జాబులు నేనే చదివి వినిపించేవాణ్ణి. వాడు జాబులు రాయడంలో ఒక పద్ధతి పెట్టుకున్నాడు. వారానికొక కార్డు. అది గురువారం తప్పితే శుక్రవారం వచ్చేది. అది రానిదే మా అమ్మకు ఆ వారం వారం కాదు. మా వీధిలోనే ఒకామె కొడుకు మిలిటరీలో ఉండి, జాబు రాక, ఆమె అన్నం మానేసి మంచాన పడింది. మా అమ్మ రోజూ ఆమె ఇంటికి పోయి వచ్చి, వాకిట్లో కూర్చునేది. మాకు మాత్రం వారం వారం కార్డు వచ్చింది. నవంబరు ఆఖర్లో ఒకటి, డిసెంబరులో మూడు. నేను చదివినాక అమ్మ కార్డు తీసుకోని కండ్లకద్దుకునేది. ట్రంకుపెట్టెలో వేపాకుల మధ్య పెట్టేది. ఆ దినం ఇంటికి ఎవరొచ్చినా చేతిలో బెల్లంముక్క పెట్టేది.

ఆ నాలుగు కార్డులూ నాకు ఇప్పటికీ నోటికి వస్తాయి. నేను బాగుండాను. ఇక్కడ పని ఎక్కువ లేదు. రెండు దినాలుగా చినుకులు పడతాండాయి. భోజనం బాగుండాది, మన రాగిసంగటి మాత్రం లేదు. యుద్ధమని అమ్మ బెంగ పెట్టుకోవద్దు, మేము ఒడ్డునే ఉండాము. అంతే. ఒక్క సంగతి అప్పుడే నాకు తట్టి ఉండాల్సింది. మా ఆవు ఆ నవంబరులో ఈనింది. పొట్టిజాతి ఆవు, మోకాలెత్తు దూడ. దానికి పేరేమి పెట్టాలో చెప్పమని అమ్మ నాచేత మూడు జాబులు రాయించింది. ఒక్కదానికీ వాడు జవాబు చెప్పలేదు.

"నేనొకటి అడిగితే వీడొకటి రాస్తాడే" అనింది అమ్మ. "చెవుడు చేతికి కూడా వచ్చిందా ఏం?"

నవ్వుకున్నాం. ఇంకొకటి కూడా ఉంది. వాడు తక్కిన జాబులన్నిట్లో పైన తేదీ వేసేవాడు. ఈ నాలుగిట్లో వేయలేదు. ఇంజన్లో చిన్న చప్పుడు తేడా వస్తే పట్టుకుంటానని ఊరంతా చెప్పుకునే మనిషిని నేను. ఆ తేడా పట్టలేదు.

సంక్రాంతి పోయినాక వచ్చినాడు, గడ్డంతో, చిక్కిపోయి. దూడను చూసి ఇదెప్పుడు పుట్టిందని అడిగినాడు. అమ్మ వాని మొహం చూసింది. "రాయించినాను గదరా" అనింది. "అవునమ్మా, మరిచిపొయినా" అన్నాడు వాడు.

అమ్మ లేనప్పుడు షెడ్డులో నాకు కొంచెం చెప్పినాడు. ఎక్కువ చెప్పకూడదని వాళ్ళకు ఆజ్ఞ. యుద్ధం ప్రకటించకముందే పొయినారంట. శత్రువు ఓడలు పోయే దారిలో నీళ్ళ కింద కాచుకోని ఉండమన్నారంట. కానీ పైన పోయేది శత్రువు ఓడే అని ఖాయంగా తెలిస్తేనే బాంబు వదలాల. అమాయకమైన సరుకు ఓడల్ని ముంచకూడదు. ఆ నియమం మంచిదే అంటాను నేను. ఒకదినం తలమీదుగా ఒక ఓడ పొయింది. ఫ్యాన్లు ఆపేసినారు. వంటవాడు గరిటెలు గుడ్డలో చుట్టిపెట్టినాడు. మనుషులు ఉన్నచోట ఉన్నట్టే పండుకోమన్నారు, నిలబడితే గాలి ఎక్కువ ఖర్చు. తమ్ముడు మోటారు పక్కన వెల్లకిల పండుకోని, ఆ ఓడ రెక్కల చప్పుడు విన్నాడంట.

"నాకు చెవులు మందం గదన్నా. అది చెవుల్తో వినలేదు. వీపుతో విన్నాను" అన్నాడు.

ఓడ దాటిపోయింది. ఎవరిదో ఖాయం కాలేదు. బాంబు వదల్లేదు. వాళ్ళ పడవే కాదు, ఆ రకం పడవల్లో ఏదీ ఆ యుద్ధంలో ఒక్క బాంబూ వదల్లేదని నేను తర్వాత చదివినా. కాచుకోని ఉండడమే వాళ్ళ యుద్ధం. వాళ్ళు అడుగున ఉండారేమో అనే భయానికే శత్రువు ఓడలు దారి మార్చుకోవాల్సి వస్తాది. ఆ భయాన్ని కొలిచి, ఇంత అని ఎవరూ బండ మీద చెక్కలేరు.

వాడు పదైదేండ్ల సర్వీసు ముగించుకోని ఇంటికి వచ్చేసినాడు. పెండ్లి వద్దన్నాడు. షెడ్డులో నాతో కలిసి పని చేస్తా ఉండినాడు. అప్పుడే ఊళ్ళో పెద్దలకు ఈ బండ ఆలోచన వచ్చింది. యుద్ధానికి పోయి వచ్చిన మన పక్కవాళ్ళ పేర్లు ఒక బండ మీద చెక్కించి లైబ్రరీ ముందర నిలబెట్టాలని. మంచి ఆలోచన. కమిటీ వేసినారు. నలుగురు. పెద్దాయన రిటైరయిన హెడ్మాస్టరు. ఒకాయన రిటైరయిన పోస్టుమాస్టరు. తక్కిన ఇద్దరూ ఊళ్ళో వ్యాపారస్తులు, ఎవరేమన్నా తల ఊపేవాళ్ళు.

మొదట రాసిన పేర్ల పట్టీలో తమ్ముని పేరు కూడా ఉండింది. బండ కుప్పంలో చెక్కడానికి ఇచ్చినారు. మా అమ్మ ఆ పట్టీ సంగతి తెలిసిన దినం నన్ను పిలిచి, బండ మీద వాని పేరు యాడ వస్తాదో, తన చెయ్యి అందేంత ఎత్తులో ఉంటాదా అని అడిగింది. చదువు రాదు కాబట్టి తడిమి చూసుకుంటుందంట. ఎన్నో పేరో చెబితే చాలు, లెక్క పెట్టుకోని తడుముతాను అనింది. ఆమెకు వేరే ఆశలు లేవు అప్పటికి.

చిక్కు టీ అంగట్లో మొదలయింది. ఎవడో అన్నాడు, "నీళ్ళ కింద దాక్కుంటే యుద్ధమెట్లయితాదప్పా? కప్పలు కూడా దాక్కుంటాయి." నవ్వినారు. ఆ మాట కమిటీ దాకా పోయింది. మిలిటరీ వాళ్ళు తెచ్చిన సర్వీసు పుస్తకాల్లో ఏ సరిహద్దులో ఉండిందీ రాసి ఉంది. మా వాని పుస్తకంలో విశాఖపట్నం అని తప్ప ఇంకేమీ లేదు. పడవ యాడికి పోయిందో రాయరు. రాస్తే అది రహస్యమెట్లయితాది? కమిటీ వాళ్ళు వాణ్ణి ఏదన్నా ఆధారం తెమ్మన్నారు. వాడు లేదన్నాడు.

ఇక్కడ నేను చేసింది రాయాల.

నాకు కాగితాల మీద గౌరవం ఎక్కువ. చదువుకోని మనిషికి ఉండే గౌరవం అది. నా షెడ్డులో ప్రతి రసీదూ తీగకు గుచ్చి పెట్టేవాణ్ణి. ఆధారం లేదని వాడు అనడం నాకు తలవంపుగా తోచింది. వానితో చెప్పకుండా, అమ్మ ట్రంకుపెట్టె తీసి, వేపాకుల మధ్యనుంచి ఆ నాలుగు కార్డులు ఏరుకోని లైబ్రరీకి పొయినా. కమిటీ ముందర బల్ల మీద వరసగా పెట్టినా. యుద్ధం జరిగిన దినాల్లో నేవీ నుంచి రాసినవి, చూడండని చెప్పినా. పోస్టుమాస్టరు భూతద్దం తీసినాడు. ఆయన ముప్పై ఏండ్లు ముద్రలు కొట్టిన మనిషి, ముద్రను చదవడం ఆయనకు విద్య. ఒక్కో కార్డూ వెలుగుకు పట్టి చూసినాడు. విశాఖపట్నం. విశాఖపట్నం. విశాఖపట్నం. విశాఖపట్నం. నాలుగు వారాలు, నాలుగు తేదీలు.

తమ్ముణ్ణి పిలిపించినారు. అమ్మ కూడా వాని వెంబడే వచ్చి, బయట వరండాలో బెంచీ మీద కూర్చునింది. ఏదో మంచి మాట చెబుతారనుకోని వచ్చింది ఆమె.

పోస్టుమాస్టరు నెమ్మదైన మనిషి. వాని చెవుల సంగతి తెలిసి గట్టిగా, విడివిడిగా అడిగినాడు. "నెల దినాలు ఒడ్డుకే రాలేదంటివి గదా నాయనా. మరి ఈ నాలుగు కార్డులూ వారం వారం విశాఖలో పోస్టుడబ్బాలో పడినాయే. ఒడ్డునే ఉండామని నువ్వే రాసినావే. చినుకులు పడతాండాయని రాసినావు. సముద్రం అడుగున చినుకులు యాడ పడతాయి?"

తమ్ముడు కార్డులు చూసినాడు. నన్ను చూసినాడు. తర్వాత తలుపులోనుంచి వరండాలోకి, అమ్మ పక్కకు చూసినాడు. ఆమె మెడ ముందుకు చాపి వింటా ఉంది.

"మీరు చెప్పినట్టే అనుకోండి సార్" అన్నాడు.

"అనుకోవడం కాదు. నువ్వు ఒడ్డునే ఉంటివా?"

"కార్డులో రాసినాను గదా. అదే నిజం."

కార్డులు నాలుగూ ఏరి, బయటికి పోయి, అమ్మ చేతిలో పెట్టినాడు. ఆమెను నడిపించుకోని ఇంటికి పోయినాడు.

ఆ సాయంత్రం షెడ్డులో నేను అడిగినా. అడగలేదు, అరిచినా. యాల ఒప్పుకున్నావు, ఆడ ఉంటివా లేదా అని. వాడు ఒక నట్టు బిగిస్తా ఉండినాడు, తల ఎత్తలేదు. వినపడలేదేమో అని దగ్గరికి పోయి మళ్ళీ అడిగినా. వినపడిందని వాని చెయ్యి ఆగిన తీరులో తెలిసింది. అప్పుడు నేను ఒక మాట అన్నా. "అయితే ఆ వీపుతో విన్నానని చెప్పింది కూడా కతేనా? నాతో కూడా అబద్ధమాడినావా?"

ముద్ర ఒకపక్క, తమ్ముడు ఒకపక్క ఉంటే, నేను ముద్రను నమ్మినా. ఊరి మీద కోపం రాసుకోవడానికి కూర్చున్నప్పుడల్లా ఈ వాక్యం దగ్గర ఆగిపోతాను.

బండ తెచ్చేదానికి లారీతోపాటు కుప్పం పోవాల్సినోణ్ణి నేనే, ముందే ఒప్పుకోని ఉంటి కాబట్టి. చెక్కేపని చేసే ఆయన అరవ యాసలో తెలుగు మాట్లాడేవాడు. ఆయన పద్ధతి ఏమంటే, మొదట పేర్లన్నీ ఎర్రరంగుతో బండ మీద రాసుకుంటాడు. రాసినాక ఉలి పట్టుకోని, కింది వరసనుంచి పైకి చెక్కుకుంటా వస్తాడు, పైన చెక్కిన పొడి కింది అక్షరాల్లో పడినా నష్టం లేకుండా. కమిటీ జాబు ఆయనకు చేరేసరికి కింది వరసలన్నీ చెక్కేసి ఉండినాడు. మా వాని పేరు నడిమి వరసలో, ఇంకా ఎర్రరంగులోనే ఉంది. వరసకు రెండు కొసల్లో పేర్లు ముందు చెక్కి నడిమిది ఆఖర్న చెక్కడం ఆయన అలవాటు, అందుకని దానికి అటూ ఇటూ పేర్లు రెండూ చెక్కడం అయిపొయినాయి. ఇంక పేర్లు జరపడానికి లేదు. కిరసనాయిలు గుడ్డతో ఆ ఒక్క పేరు తుడిచేసినాడు.

"జాగా మిగిలిపోచ్చు అయ్యా" అన్నాడు ఆయన. "నేను ఏం సేసేది. పువ్వు సెక్కేదా?"

వద్దన్నా. ఆ బండ ఇప్పటికీ నిలబడి ఉండాది. మూడో వరసలో రెండు పేర్ల మధ్య జానెడు నున్నటి జాగా. తెలియనివాళ్ళు చెక్కేవాని పొరపాటు అనుకుంటారు. బండ ఎత్తిన దినం మా అమ్మ పోలేదు.

తమ్ముడు ఆ నెలలోనే మదనపల్లెకు పోయినాడు. ఒక ఐసు ఫ్యాక్టరీలో ఇంజను చూసుకునే పని దొరికిందన్నాడు. గొడవ పడి పోలేదు. నెలకొకసారి వచ్చి అమ్మను చూసి పొయ్యేవాడు, నాతో ఇంజన్ల సంగతి మాట్లాడేవాడు, బస్సెక్కేవాడు. ఒకసారి లైబ్రరీ ముందర ఇద్దరం నడుస్తా ఉంటే వాడు ఆగినాడు. ఆ ఖాళీలో అరచెయ్యి ఆనించి, "ఈడేనా?" అన్నాడు. ఈడే అన్నా. "మంచి జాగానే ఇచ్చినారన్నా, అటూ ఇటూ ఇరుకు లేదు, గాలి ఆడతాది" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. వాడు మాత్రం నవ్వినాడు.

ఎనభైల్లో అమ్మ పోయింది. పోయే ముందు ట్రంకుపెట్టె చూపించి, కార్డులు వాని చేతికివ్వమనింది. యుద్ధంలో వాడు తనను ఒక్క వారం కూడా బెంగ పెట్టలేదనీ, అట్లాంటి కొడుకును ఊరు ఏమనుకున్నా తనకు లెక్క లేదనీ చెప్పింది. ఆమె ఆ కార్డుల్ని నమ్మే పోయింది.

కర్మ అయిపోయినాక కార్డులు తీసుకోని మదనపల్లె పోయినా. ఇంజను చప్పుడులో మాట్లాడలేక బయటికి వచ్చి ఫ్యాక్టరీ గోడ నీడన కూర్చున్నాం. కార్డులు చేతిలో పెట్టినా. వాడు ఒకటొకటే చూసినాడు.

"నాలుగేనా?" అన్నాడు.

నాలుగే అన్నా. ఎందుకు అడిగినాడో నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పినాడు. పడవ ఎక్కేముందు ఒక పొద్దులో కూర్చోని నాలుగు కార్డులూ రాసినాడంట. తేదీ వేయకుండా. ఒడ్డున స్టోర్లో పనిచేసే శ్రీకాకుళం పక్క స్నేహితుడు ఒకాయనకు ఇచ్చి, వారానికొకటి డబ్బాలో వెయ్యమన్నాడంట. చినుకులు కూడా అంచనా వేసి రాసిందేనంట.

"అమ్మ వరండాలో కూర్చోని ఉండింది గదన్నా" అన్నాడు. "ఆ కార్డులు ముందే రాసి పెట్టినవని ఆమె వింటా ఉండగా ఎట్ల చెప్పేది? పెట్టెలో వేపాకులేసి దాచుకునింది."

నాతో అయినా చెప్పి ఉండొచ్చు గదా అని అడిగేదానికి నాకు నోరు రాలేదు. నేను షెడ్డులో అడిగిన పద్ధతి అట్లాంటిది.

కోపమంటే నాకు అప్పుడు వచ్చింది. ముందుది కోపం కాదు. మరుసటి దినమే పోస్టుమాస్టరు ఇంటికి పోయి అంతా చెప్పినా. ఆయన ముసలోడయినాడు, భూతద్దం మాత్రం పక్కనే ఉండాది. దాన్ని తీసి పంచె కొసతో తుడిచినాడు. తర్వాత, "సాక్ష్యమని తెచ్చింది నువ్వే గదప్పా. ఇప్పుడు నువ్వే కాదంటే నేనెట్ల నమ్మేది? ఆ డబ్బాలో వేసినాయన చేత రెండు ముక్కలు రాయించుకోని రా. కుప్పం మనిషిని నేనే పిలిపిస్తా, జాగా ఉండనే ఉండాది" అన్నాడు. ఆయన న్యాయం ఎప్పుడూ అట్లే ఉంటాది, ఎత్తి చూపడానికి తప్పు దొరకదు.

తమ్ముడు వద్దన్నాడు. ఇంక ఎవరి కోసమన్నా అన్నాడు. నాకోసం అన్నా. ఆ స్నేహితుని ఊరూ పేరూ మాత్రం చెప్పినాడు. నేను జాబు రాసినా. జవాబు రాలేదు. ఇంకొకటి రాసినా. అంతలో తమ్మునికి రొమ్ము పట్టుకునింది. ఊపిరితిత్తుల్లో ఎన్నో ఏండ్ల పొగ ఉండాదన్నాడు డాక్టరు. ఇంజను బావిలోకి దించేటప్పుడు గొట్టం లేనిదే ఒప్పుకోని మనిషికి. ఆసుపత్రిలో కిటికీ పక్క మంచం అడిగి వేయించుకున్నాడు. ఒక తెల్లవారి నేను ఇడ్లీ తీసుకోని పోయేసరికి కిటికీ పక్కకు తిరిగి, కాళ్ళు ముడుచుకోని, సన్నగా ఉన్నాడు. ఆ మంచంలో ఇంకా ఒక మనిషి పట్టేంత జాగా ఉంది.

వాడు పోయినాక మూడో జాబు రాసినా. వాడు లేడని దాంట్లో రాయలేదు, కోపం మాత్రం రాసినా. రెండు నెలలకు జవాబు వచ్చింది. కవరులో ఒక కాగితం, దాంట్లో మడిచి ఒక పోస్టుకార్డు. పోస్టుమాస్టరుకు ఇంకా చూపలేదు. చూపాలంటే ఆ కార్డు కూడా చూపాల. వచ్చింది వచ్చినట్టు ఇక్కడ రాస్తాను.

"అయ్యా, మీ ఉత్తరాలు మూడూ అందాయి. నాకు చూపు తగ్గిపోయింది, ఆలస్యానికి క్షమించండి. మీరు అడిగినది నిజమే. ఆ కార్డులు నేనే వారం వారం వేశాను. ఎవరికి కావాలన్నా నా సంతకంతో చెబుతాను. కానీ మీరు నాలుగు అని రాశారు. మీ తమ్ముడు నాకు ఇచ్చినవి అయిదు. అయిదోది, పడవ తిరిగి రాకపోతేనే వెయ్యమన్నాడు. తిరిగి వచ్చాక ఇవ్వబోతే, మళ్ళీ వెళ్తాం కదా, నీ దగ్గరే ఉంచమన్నాడు. తర్వాత ఇద్దరం మరిచిపోయాం. అది మీ పేరు మీద ఉంది. నేను చదవలేదు. దీనితో పంపుతున్నాను. అతన్ని అడిగానని చెప్పండి."

కార్డు మీద విశాఖ ముద్ర లేదు. ఏ ముద్రా లేదు.

"అన్నకు నమస్కారం. ఇది నీకు వచ్చిందంటే మేము పైకి రాలేదు. అమ్మకు చెప్పొద్దు. తంతి వస్తే నీ దగ్గరే పెట్టుకో. వారానికొక కార్డు నువ్వే రాసి, నేను రాసినానని చదివి వినిపించు. నేను ఏమేం రాస్తానో నీకు తెలుసు. బాగుండానని రాయి, ఒడ్డునే ఉండానని రాయి, అప్పుడప్పుడు చినుకులు పడతాండాయని రాయి. అనుమానపడదు. నువ్వు ఏం చదివినా అమ్మ నమ్ముతాది, నేను ఏం చెప్పినా నువ్వు నమ్మినట్టు."